ముప్పై ఒకటో గ్లాసు

వెనిగర్ కాలేదు.

మూడు నెలలుగా నేను ఏ పీపా కోసం కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నానో, ఆ పీపాలోని వైన్ నిక్షేపంగా, చెక్కుచెదరకుండా నా నోట్లో ఉంది. ఉమ్మేయాలి. రుచి చూసి మార్కులేసే మా పనిలో ఎంత మంచి వైన్ అయినా నోట్లో తిప్పి, పక్కనున్న పాత్రలోకి ఉమ్మేయాల్సిందే. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నేను మింగేశాను.

"ఏమైంది బ్లాజెనాగారూ?" అన్నాడు మా బల్లకు పెద్దగా కూర్చున్న ఇంజనీరు వాషుల్కా, కళ్ళద్దాల మీదుగా చూస్తూ.

"ఏం లేదు ఇంజనీరుగారూ. పొలమారింది."

"నీళ్ళు తాగండి. రొట్టెముక్క నమలండి. ఇంకా ఇరవై గ్లాసులున్నాయి మన ప్రాణానికి."

రొట్టెముక్క తీసుకున్నాను కానీ నమల్లేదు. నమిలితే నోట్లోంచి ఆ రుచి పోతుంది. గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మికులోవ్ కోటలోని పెద్ద హాల్లో ఆ రోజు వైన్ల పోటీకి ఏడు బల్లలు వేశారు, బల్లకు ఐదుగురం. సీసాలన్నిటికీ గుడ్డ తొడుగులు, తొడుగు మీద నంబరు తప్ప పేరుండదు. నేను ఎర్రవైన్ల బల్ల దగ్గర కూర్చోవాల్సింది. తెల్లవైన్ల బల్ల ఆవిడకు గొంతునొప్పి వచ్చి రాలేదని పొద్దున్నే నన్ను ఇటు మార్చారు. ఆవిడ గొంతు బాగుండి ఉంటే నేను ఈ అబద్ధాన్ని నాతోపాటు సమాధిలోకి పట్టుకుపోయేదాన్ని.

పచ్చి అక్రోటుకాయ వాసన. అది ఏ నోయ్‌బుర్గ్ ద్రాక్షకైనా ఉంటుంది. అకాసియా చెక్క పీపా వాసన. అది మా ప్రాంతంలో సగం నేలమాళిగల్లో ఉంటుంది. కానీ ఆ రెండిటి వెనకాల, గుమ్మం దాటి వెళ్ళిపోతున్న మనిషి అత్తరులా, చిన్నగా మస్కట్ ద్రాక్ష వాసన. ఆ మూడూ కలిసింది లోకంలో ఒక్క తోటలోనే.

నలభై ఏళ్ళ క్రితం నర్సరీవాళ్ళు పొరపాటున మా నాన్న కొన్న నోయ్‌బుర్గ్ మొక్కల్లో పదకొండు మస్కట్ మొక్కలు కలిపి ఇచ్చారు. మూడో ఏడు కాయలు కాస్తే గానీ ఎవరికీ తెలియలేదు. పీకెయ్యి అలోయ్స్, పీకెయ్యి అని ఊరంతా చెప్పింది. "దారితప్పి వచ్చినవాళ్ళని బయటికి గెంటుతామా?" అన్నాడు నాన్న. పీకలేదు. ప్రతి ఏడూ ఆ పదకొండు తీగలూ మిగతావాటితో కలిసే కోతకొచ్చాయి. పోటీల్లో వేరే రకం కలిసిందని మార్కులు తగ్గించేవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

నిరుడు అక్టోబరులో ఆయన చివరిసారి ఆ తోట కోశాడు. నవంబరులో పోయాడు. మంచంలో ఉన్నప్పుడు రోజూ ఒక గ్లాసు తీసుకెళ్ళి చూపించేదాన్ని. పులుస్తున్న ఆ మడ్డి రసంలో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, "బతికే ఉంది" అనేవాడు. వైన్ గురించే అనేవాడు.

ఆ వైన్‌ని నేను చంపేశానని నా మొగుడు నాకు చెప్పాడు.

పీపా ఎప్పుడూ మూతి దాకా నిండి ఉండాలి. చెక్క కొంత తాగేస్తుంది, అందుకని వారం వారం వెలితి నింపాలి. నింపకపోతే గాలి చేరి వైన్ వెనిగర్ అవుతుంది. మా ఇంట్లో ఆ పని నాది. జనవరిలో నాకు జ్వరం వచ్చి మూడు వారాలు లేవలేదు. లేచేసరికి బొహుష్ నేలమాళిగలోంచి పైకొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పోయింది బ్లాజెనా. మీ నాన్న పీపా. వెనిగర్."

"చూస్తానుండు."

"ఏం చూస్తావు? కాలవలో పారబోశాను. వెళ్ళి నాకుతావా?"

వెళ్ళాను. పీపా కడిగేసి, గంధకం వత్తి వెలిగించి పొగ పెట్టి ఉంది. గంధకం ముందు నా ముక్కు ఏం పని చేస్తుంది? ఆ ఖాళీ పీపాను కావిలించుకుని ఏడ్చాను. జ్వరంలో ఉన్నప్పుడు ఒక్క మాట బొహుష్‌తో చెప్పి ఉంటే ఆయనే నింపేవాడు కదా, ఎలా మర్చిపోయాను అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ పొద్దుటిదాకా తిట్టుకుంటూనే ఉన్నాను. నిన్న రాత్రి కూడా తిట్టుకున్నాను.

"ముప్పై ఒకటి. మార్కులు రాయండి" అన్నాడు వాషుల్కా.

పెన్ను తీసుకున్నాను. ఇక్కడ ఒక నియమం ఉంది. పొద్దున్నే వాషుల్కా చదివి వినిపిస్తాడు, మేమందరం ఆవలిస్తూ వింటాం: సొంత ఇంటి వైన్ గ్లాసులోకి వచ్చిందని తెలిస్తే చెప్పేయాలి. చివరి రౌండు మొదలయ్యేలోపు చెప్పకపోతే మోసం కింద లెక్క.

చెప్పాలి. కానీ ఎవరి పేరు మీద వచ్చిందో తెలియకుండా ఏం చెప్పను?

నూటికి తొంభై మూడు వేశాను. ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయలేదు. నాన్న మీద ఒట్టు.

"వెనకాల ఆ మస్కట్ ఏంటండీ? తమాషాగా ఉందే!" అన్నాడు నా పక్కనున్న కుర్ర డాక్టరు.

"బాగుంది, తమాషాగా ఉన్నా బాగుంది" అంటూ వాషుల్కా కాగితాలు పోగుచేశాడు. "సగటు తొంభై ఒకటి. రెండింటికి చివరి రౌండులోకి వెళ్తుంది ఇది. రకాలు కలిసిన వైన్లకి ఇంతకాలం మనం మార్కులు తగ్గించింది ఎందుకో!"

* * *

ఒకటింబావుకు విరామం ఇచ్చారు. కోట మిద్దె మీదికెళ్ళి బొహుష్‌కి ఫోన్ చేశాను. ఎదురుగా పవిత్రకొండ మీద గుళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. కింద చౌకులో సైకిళ్ళ మీద వచ్చిన యాత్రికులు ఐస్‌క్రీము తింటున్నారు. లోకమంతా సుఖంగా ఉంది.

"బొహుష్, ఆ పీపా ఎక్కడ పారబోశావు?"

"ఏ పీపా?"

"మనింట్లో పారబోసినవి ఎన్నున్నాయేంటి?"

"మళ్ళీ మొదలెట్టావా?" విసుగ్గా అన్నాడు. "మూడు నెలలైంది. ఆ విషయంలో నేను నిన్ను ఒక్క మాటన్నానా చెప్పు?"

అనలేదు. అదే కదా నన్ను ఇప్పుడు కాలుస్తున్నది! 'పోన్లే, ఎవరికైనా జరుగుతుంది' అన్నాడు. చెయ్యని తప్పుకు నన్ను క్షమించేసి, ఆ క్షమాపణ మీద ఇంట్లో పెద్దమనిషిలా తిరిగాడు. నేను ఆయనకిష్టమైన బాతుకూర వండి పెట్టాను, ఆయన మనసు ఎంత పెద్దదో అనుకుంటూ.

"ఇప్పుడే తాగాను దాన్ని" అన్నాను.

ఆయన వెనకాల రేడియో మోగుతోంది. కాసేపటికి అది ఆగిపోయింది.

"నువ్వు... ఎర్రవాటి దగ్గర కదా కూర్చునేది?" అన్నాడు.

చూశారా! వేరే మనిషైతే 'ఏం మాట్లాడుతున్నావ్, నీకేమైనా మతి పోయిందా' అనేవాడు. నా మొగుడికి అబద్ధం ఆడటం కూడా చివరిదాకా చేతకాదు.

"మార్చారు. ఎవరి పేరు మీద పెట్టారు?"

"బ్లాజెనా, విను. అక్కడ గొడవ చెయ్యకు."

"పేరు చెప్పు."

"నలుగురూ ఉంటారక్కడ. ఇంటి పరువు..."

"కాలవలో పారబోశావుగా పరువుని. పేరు చెప్పు బొహుష్."

నీళ్ళు నమిలాడు. తలుపు చప్పుడైంది. కారు తాళాలు గలగలమన్నాయి.

"నలభై నిమిషాల్లో వస్తా. నేనొచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు. అంత ఆగలేకపోతే మీ చెల్లెల్ని అడుగు!" అని ఫోన్ పెట్టేశాడు.

మా చెల్లెల్ని!

* * *

లిబూషె ఇల్లు కోట కింద హుస్ వీధిలో. అది నాన్న ఇల్లే. మాకు పొరుగూరిలో తోటా పెరడూ ఉంటే, ఆమెకు ఈ ఊరి ఇల్లు, దాని కింద నేలమాళిగా వచ్చాయి. మొగుడు పోయాక ఆరేళ్ళు ఒక్కతే ఉంది. అక్టోబరు నుంచి మాత్రం తోడున్నాడు, నా కొడుకు.

రదీమ్‌ని ఇంట్లోంచి పొమ్మన్నది నేనే. కోతల మధ్యలో, తాత మంచం మీద దగ్గుతుండగా, "ఈ ముసలి తీగలు తాత పోయాక పీకేసి కొత్తవి వేద్దాం" అన్నాడు. తాతకు వినపడింది. "ఈ గడప మళ్ళీ తొక్కకు" అన్నాను. పౌరుషంలో నా కొడుకు నాకే పుట్టాడు. తొక్కలేదు. నాన్న అంత్యక్రియల్లో ఆ వైపు నిలబడ్డాడు, నేను ఈ వైపు. ఏడు నెలలైంది మాటల్లేక.

వంటింట్లో లిబూషె రొట్టెముక్కల మీద పందికొవ్వు రాస్తోంది. రెండు పళ్ళేలు అప్పటికే నిండాయి. గసగసాల రొట్టెలు వేరే ఒక పళ్ళెం. ఇద్దరుండే ఇంట్లో ఇంత ఫలహారం ఎందుకో అడక్కుండానే తెలిసింది. పతకం వస్తుందని ముందే పండగ చేసుకుంటున్నారు.

"అక్కా! అప్పుడే అయిపోయిందా? కూర్చో, కాఫీ పెడతా."

"ముప్పై ఒకటో నంబరు" అన్నాను.

ఆమె చేతిలో కత్తి ఆగింది.

"ఎవరి పేరు మీద పెట్టారే?"

లిబూషె కత్తిని రొట్టె పక్కన, అది ఎక్కడ పగిలిపోతుందో అన్నంత జాగ్రత్తగా పెట్టింది.

"రదీమ్ పేరు మీద."

నేను నిలబడే ఉన్నాను.

"బావ ఫిబ్రవరిలో తెచ్చాడు" అంది గబగబా. "నాలుగు స్టీలు డబ్బాల్లో. పిల్లాడికి ఒక ఆధారం కావాలి, తన పేరుతో ఒక్క వైన్ బయటికి రావాలి, బ్లాజెనా ఒప్పుకుంది అన్నాడు. నేనెందుకు నమ్మను చెప్పు? నీ మొగుడే చెప్తుంటే?"

"నేను ఒప్పుకుంటే నాకొక్క ఫోన్ చెయ్యలేదేం?"

"నువ్వు ఆ మాట ఎత్తొద్దన్నావని చెప్పాడు. నీ సంగతి నాకు తెలీదా అక్కా! కోపమొస్తే ఏడాది మాట్లాడవు. నిజమే అయ్యుంటుందనుకున్నా."

ఒక్క క్షణం, ఒక్క క్షణం మాత్రమే, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదీ మోసపోయింది, పాపం, నాలాగే అనుకున్నాను. బల్ల మీద ఆమె చెయ్యి పట్టుకోబోయాను కూడా.

"మరి ఈస్టర్‌కి?" అన్నాను, చెయ్యి మధ్యలోనే ఆపి.

ఈస్టర్ సోమవారం మేమిద్దరం నాన్న సమాధి దగ్గరికి వెళ్ళాం. నేను ఆ రాతి మీద నుదురు ఆనించి, 'నాన్నా, నీ చివరి పంట నా చేతిలో పాడైపోయింది, నన్ను క్షమించు' అని పైకే ఏడ్చాను. ప్రతి మాటా లిబూషె విన్నది. నా పక్కనే మోకాళ్ళ మీద ఉంది.

"ఆ రోజే తెలిసింది కదే నీకు? నేను ఒప్పుకోలేదనీ, నాకసలు ఏమీ తెలీదనీ?"

"తెలిసింది" అంది.

"తెలిసి ఏం చేశావు?"

"నా రుమాలిచ్చాను..."

"ఇచ్చావు. ఇస్త్రీ చేసిన రుమాలు. నా కళ్ళు కూడా నువ్వే తుడిచావు."

లిబూషె ఏడుపు మొదలెట్టింది. చిన్నప్పుడూ అంతే. తప్పు చేసి దొరికితే ముందు తనే ఏడ్చేది. నాన్న నన్ను కోప్పడేవాడు, పెద్దదానివి ఊరుకోబెట్టాలి కదా అని. నేను ఊరుకోబెట్టలేదు.

"చెప్పేద్దామనే అనుకున్నానక్కా. నోటిదాకా వచ్చింది. చెప్తే నువ్వు ఆ డబ్బాలు ఎత్తుకుపోతావు, వాడు కూడా పోతాడు. ఎక్కడో బ్ర్నోలో ఉద్యోగమని వెళ్ళిపోతాడు. ఆరేళ్ళు ఈ ఇంట్లో గోడలతో మాట్లాడాను. వాడొచ్చాక కింద మాళిగలో ఈల వేస్తూ తిరుగుతాడు, పొయ్యి మీద కాఫీ పొంగబెడతాడు, మనిషి ఉన్నట్టుంది. నీకు మొగుడున్నాడు, తోటుంది. నాకు..."

"నాకు మొగుడున్నాడా?" అన్నాను.

ఆమె ముక్కు తుడుచుకుని, పందికొవ్వు గిన్నె మీద మూత పెట్టింది.

గోడ మీద నాన్న ఫోటో కింద కాగితమొకటి మేకుకి గుచ్చి ఉంది. పోటీ దరఖాస్తు నకలు. పెట్టేవారు: రదీమ్ హనాక్, మికులోవ్. ద్రాక్ష రకం: నోయ్‌బుర్గ్. తయారుచేసినవారు అన్నచోట కూడా రదీమ్ హనాక్. అలోయ్స్ పేరు ఎక్కడా లేదు. ఆ తీగల్ని పీకేస్తానన్న చేత్తోనే రాశాడు.

ఒళ్ళు మండింది. మొగుడి మీద కోపం, చెల్లెలి మీద కోపం, అన్నీ ఒక ఎత్తు. ఇది వేరు. తాతను ముందు మాటతో చంపి, తర్వాత పేరు కూడా తుడిచేశాడు వీడు.

"వాడెక్కడ?"

"కోటకెళ్ళాడు, రెండింటికని. అక్కా, వాడిని మాత్రం ఏమీ అనకు. వాడికి..."

"వాడిని వెనకేసుకు రాకు!"

"అది కాదక్కా, విను, వాడనుకుంటున్నది..."

వినలేదు. గుమ్మం దాటేశాను. ఆ మాట పూర్తిగా విని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. నా ముక్కు మీద కోపం ఏనాడు నా చెవుల్ని పని చెయ్యనిచ్చింది గనక!

* * *

రదీమ్ కోట మెట్ల పైన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. లిబూషె చేతి ఇస్త్రీ, మడత చూస్తే తెలుస్తుంది. చిక్కాడు. గడ్డం పెంచాడు, నాన్న వయసులో ఉన్నప్పటి ఫోటోలోలా.

ఏమనాలో మెట్లెక్కుతూనే కూర్చుకున్నాను. దొంగవెధవా అనాలి. తాత పేరు ఎక్కడరా అనాలి. నేను నోరు తెరిచేలోపు వాడు మూడు మెట్లు దిగి వచ్చాడు.

"వచ్చావుగా అమ్మా" అన్నాడు.

ఏడు నెలల తర్వాత ఆ పిలుపు.

"తెల్లవాటి బల్లకి మార్చారటగా నిన్ను? ఇందాకే తెలిసింది. నీ గ్లాసులోకి వచ్చిందా? పోల్చుకునుంటావులే. నువ్వు పోల్చుకోకపోతే ఇంకెవరు పోల్చుకుంటారు!" వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నవ్వుతున్నాడు. "నాన్న నీతో ఏమీ అనొద్దన్నాడు. 'మీ అమ్మే పంపింది, కానీ థాంక్స్ చెప్పకు, ఫోన్ చెయ్యకు, ఇంటికి రాకు, దాని పౌరుషం నీకు తెలుసుగా, టైమివ్వు, తనే వస్తుంది' అన్నాడు. మూడు నెలలు నోరు కట్టుకుని కూర్చున్నానమ్మా. ఈస్టర్‌కి ఇంటిముందు దాకా వచ్చి తిరిగెళ్ళిపోయా తెలుసా?"

నాకు తెలియదు. నాకేమీ తెలియదు. ఈ ఊళ్ళో కుక్కలకు కూడా తెలిసింది నాకే తెలియదు.

"దరఖాస్తులో తాత పేరు రాద్దామనుకున్నా" అన్నాడు. "నాన్నే వద్దన్నాడు. 'నీ పేరు మీదే వెళ్ళాలని మీ అమ్మ కోరిక' అన్నాడు. నేను ఆ రోజు అన్న మాటకి... నువ్వు తాత చివరి వైనే నాకిచ్చావంటే, ఇంక నేనేం మాట్లాడతాను? ఆ తీగలు నేను ముట్టుకోనమ్మా. ఆ పదకొండూ కూడా. ఒట్టు."

బొహుష్ పీపా మాత్రమే తీసుకుపోలేదు. నా కోపాన్ని తీసుకుపోయాడు, నా క్షమాపణను తీసుకుపోయాడు. నేను ఇంకా ఇవ్వని దాన్ని, ఇద్దామా వద్దా అని రాత్రుళ్ళు పొర్లాడుతూ దాచుకున్న దాన్ని, నా పేరు చెప్పి పంచేశాడు. ఇంట్లో నన్ను దోషిని చేశాడు, ఇక్కడ నన్ను దేవతను చేశాడు. రెంటిలో ఏదీ నేను కాదు.

"ఏంటమ్మా, మాట్లాడవేం?" అన్నాడు రదీమ్.

హాల్లో గంట మోగింది.

* * *

చివరి రౌండుకి పన్నెండు సీసాలు వరుసగా పెట్టారు. తొడుగులు అలాగే ఉన్నాయి. ఐదోది ముప్పై ఒకటి. జనం గోడల పక్కన నిలబడ్డారు. రదీమ్ గుమ్మం దగ్గర ఆగాడు.

వాషుల్కా లేచి గొంతు సవరించుకుంటుండగా చెయ్యెత్తాను.

"చెప్పండి బ్లాజెనాగారూ."

"ముప్పై ఒకటి మా ఇంటి వైన్ ఇంజనీరుగారూ. మా నాన్న తోటది."

కుర్ర డాక్టరు, "అలోయ్స్‌గారిదా!" అన్నాడు పైకే. ఆ మస్కట్ ఎక్కడిదో అప్పుడర్థమైంది వాడికి.

వాషుల్కా మంచివాడు. నాన్న శవపేటిక మోసినవాళ్ళలో ఆయనొకడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"నియమం ప్రకారం ఒక్కటే అడగాలి. తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. ఇది మీకు తెలిసే పోటీకి వచ్చిందా? తెలిసే వచ్చుంటే, పొద్దున్న మీరు దాచినట్టవుతుంది. మిమ్మల్ని ఈ బల్ల నుంచి తప్పించాలి, ఇంక ఎప్పటికీ కూర్చోనివ్వరు. వైన్ మాత్రం ఉంటుంది, ఇంకో కమిటీ మార్కులేస్తుంది. మీకు తెలియకుండా వచ్చుంటే, మీ వైన్‌ని వేరేవాళ్ళు తమదని పెట్టారన్నమాట. సీసా తీసేస్తాం. పెట్టినవాళ్ళ పేరు కొట్టేస్తాం."

'తెలుసు' అంటే చాలు. ఒక్క మాట. ఇరవై రెండేళ్ళ పేరు పోతుంది. పోనీ, నా కొడుకు కోసం ఆ పేరు ఇవ్వలేనా? ఇవ్వగలను. గుమ్మం దగ్గర వాడు నన్నే చూస్తున్నాడు, ఇంకా నవ్వు మొహంతోనే. ఏడు నెలలుగా నేను చూడాలని కొట్టుకుపోయిన మొహం.

కానీ ఆ మాటంటే బొహుష్ ఆడిన అబద్ధం ఇకనుంచి నేను ఆడాలి. రోజూ ఆడాలి. వాడు ప్రేమగా వచ్చి నన్ను అమ్మా అని పిలిచిన ప్రతిసారీ ఆడాలి. నా చెల్లెలి వంటింట్లో ఆ రొట్టెముక్క తింటూ ఆడాలి. చివరికి ఆ ఇద్దరితో కలిసి నేను మూడోదాన్నవుతాను.

"నాకు తెలియదు" అన్నాను. "ఈ వైన్ పాడైపోయిందని నాకు చెప్పారు. నా చేతిలోనే పాడైందని చెప్పారు."

వాషుల్కా ఇంకేమీ అడగలేదు. ఐదో సీసాని రెండు చేతులతో తీసి, బల్ల కింద పెట్టాడు. గోడల పక్కన గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో 'రదీమ్' అన్నారు. ఎవరో 'దొంగ' అన్నారు. ఆ రెండో మాట నా ఒంటికి తగిలింది.

రదీమ్ బల్లల మధ్యనుంచి నడిచి నా దగ్గరికి వచ్చాడు. జనం దారిచ్చారు. పేరు పోయినందుకు అరుస్తాడనుకున్నాను. అరవాలని కోరుకున్నాను కూడా. బల్ల కింది సీసా వైపు వాడు చూడనైనా లేదు.

"అమ్మా, అయితే నువ్వు పంపలేదా?" అన్నాడు.

వాడి గొంతు ఐదేళ్ళ పిల్లాడిది. నా చెయ్యి వాడి చొక్కా చేతిని పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు, కానీ నా వైపు జరగలేదు.

అప్పుడు వాడి భుజం మీదుగా గుమ్మం కనిపించింది. టోపీ చేత్తో పట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో, బొహుష్ నిలబడి ఉన్నాడు. నా మొహం చూశాడు, రదీమ్ వీపు చూశాడు. వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మీ నాన్న వచ్చాడు" అన్నాను. "నన్ను కాదు, ఆయన్ని అడుగు."

రదీమ్ వెనక్కి తిరిగాడు.